నేను కెమెరా కొన్న వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పాపం, వారికి కెమెరా కొనే అవసరం రాలేదు గనక అంతటితో ఆపేశారు. ఇల్లు కట్టినవాడికి ఇల్లు మిగులుతుంది. పెళ్ళి చేసినవాడికి అల్లుడు మిగులుతాడు. కెమెరా కొన్నవాడికి మాత్రం ఇంకా కొనవలసిన వస్తువుల జాబితా మిగులుతుంది. ఈ సత్యాన్ని నేను నా ఇరవయ్యో ఏట, ఇరవై వేల రూపాయల ఖర్చుతో గ్రహించాను. ఆ ఇరవై వేలు ఎవరివి, ఏం చెప్పి తెచ్చాను అన్నదే అసలు సంగతి. హాస్యంగా మొదలుపెట్టాను గాని, చివరిదాకా అలాగే రాయగలనని నాకు నమ్మకం లేదు. పాఠక మిత్రులు మన్నించాలి.

మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మిరప, పత్తి మా పంటలు. 2021 చలికాలంలో, నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండగా, మా ప్రాంతపు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. తామర పురుగు మా రైతులకు కొత్త కాదు. కాని పాతది ఆకుల్ని పట్టేది, ఆకు పైకి ముడుచుకునేది. ఇది తిన్నగా పువ్వులోకి దిగింది. పువ్వు రాలితే కాయ ఎక్కణ్ణించి వస్తుంది? నాన్న వారానికి రెండు మందులు కొట్టాడు. చివరికి ఒకరోజు పొద్దున్నే రెండెకరాల తోటా పీకించేశాడు. పీకిన మొక్కలు గట్టు మీద కుప్పగా పడి ఉంటే నేనొక పువ్వు తెంపి అరచేతిలో దులిపాను. నల్లటి నలుసులు నాలుగు పాకాయి. అంతే. మా ఇంటిని ముంచినవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు కనిపించలేదు. ఫోనుతో తీస్తే నల్లటి మరక వచ్చింది.

తరవాత ఈ కాలేజీలో బి.జెడ్.సి.లో చేరాను. జువాలజీ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద కప్ప రక్తం చూశాను, బొద్దింక నోటి భాగాలు చూశాను. చూసినప్పుడల్లా ఆ నలుసే గుర్తుకొచ్చేది. ఆ పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్ అనీ, ఆగ్నేయాసియా నుంచి వచ్చిందనీ, మన దేశంలో 2015లో బెంగుళూరు ప్రాంతపు బొప్పాయి తోటల్లో మొదట గుర్తించారనీ లైబ్రరీలో చదివాను. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. దానికి ఫోటో తియ్యాలి అనుకున్నాను.

నా కెమెరా కోరికకు ఇదీ ఉదాత్తమైన కారణం. ఉదాత్తం కాని కారణం ఇంకొకటుంది. అదీ చెబుతాను. మొదటి సంవత్సరం హాస్టల్ డే నాడు మెడలో కెమెరా వేసుకుని ఒక సీనియర్ అటూ ఇటూ తిరుగుతుంటే, కాలేజీ మొత్తం అతని చుట్టూ తిరిగింది. ఏ కారణం ఎంతవంతో నన్నడగకండి. తూచి చెప్పగల త్రాసు మన కెమిస్ట్రీ ల్యాబులో కూడా లేదు.

కెమెరా విద్యలో నా గురువు మా రూమ్మేటు అన్న. సెలవురోజుల్లో పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వెంట లైటు పట్టుకోవటానికి పోతుంటాడు. డి.ఎస్.ఎల్.ఆర్. అంటే ఏమిటో నాకు భోజనాల బల్ల దగ్గర ప్లేటు, గ్లాసు పెట్టి చూపించాడు. లెన్సు వెనక ఒక అద్దం నలభై అయిదు డిగ్రీల వాలులో ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగు ఆ అద్దం మీద పడి పైకి పోయి, అక్కడ మలుపులు తిరిగి మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం టక్కున పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, వెలుగు సెన్సారు మీద పడుతుంది. ఆ "టక్" మనే చప్పుడుకే నేను పడిపోయానని ఒప్పుకుంటున్నాను. పదో తరగతిలో కుంభాకార కటకం, నాభ్యంతరం అని బట్టీపట్టిన పాఠం మార్కుల కోసమే అనుకున్నాను. అది మెడలో వేసుకు తిరగగల పాఠమని అప్పుడు తెలిసింది.

డిజిటల్ కెమెరాకు పునాది పడింది 1969లో. ఆ ఏడాది బెల్ ల్యాబ్స్‌లో బోయల్, స్మిత్ అనే ఇద్దరు సి.సి.డి.ని కనిపెట్టారు. వెలుగును విద్యుత్తుగా మార్చి బొమ్మ గీసే ఆ ముక్కకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారు చేశాడు. బరువు మూడున్నర కిలోల పైన. నిలువుకు నూరు చుక్కలు, అడ్డానికి నూరు చుక్కలు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపు మీదికి ఎక్కటానికి 23 సెకన్లు. 1991లో అదే కంపెనీ నికాన్ ఎఫ్3 కెమెరాకు సెన్సారు తగిలించి అమ్మకానికి పెట్టింది. ఈ జాతి కెమెరాలకు అది మూలపురుషుడు. విచిత్రమేమిటంటే ఫిల్ము అమ్ముకుని బతికిన ఆ కంపెనీ, తాను పుట్టించిన బిడ్డను తాను నమ్ముకోలేక, 2012లో దివాలా పిటిషను వేసింది.

ఇప్పుడా బిడ్డకీ ముసలితనం వచ్చింది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక పెద్ద కంపెనీలు కొత్త డి.ఎస్.ఎల్.ఆర్.లు తేవటం దాదాపు మానేశాయి. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు పాతవి అమ్మేసి కొత్తవాటికి మారుతున్నారు. "పెద్దోళ్ళు దిగినప్పుడే మనం ఎక్కాలె తమ్ముడూ" అన్నాడు అన్న. అంచేత సెకండ్‌హ్యాండ్ కొందామని తీర్మానం జరిగింది. తీర్మానానికి లోటల్లా ఒక్కటే, డబ్బు.

2025 ఫిబ్రవరి అది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన మిర్చి ఆ ఏడు దిగజారిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. అది నాకు తెలుసు. తెలిసి కూడా నాన్నకు ఫోను చేశాను.

"నాన్నా, ప్రాజెక్టుకు పరికరం కొనాలె. కాలేజీవాళ్ళే కొనుక్కోమన్నరు. ఇరవై వేలయితది."

కాసేపు మాట లేదు. వెనకాల మార్కెట్ యార్డు గోల వినిపిస్తోంది.

"ఎప్పటిలోపల?" అన్నాడు.

ఏం పరికరం అని అడగలేదు. ఎందుకంత అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకూ నేను జవాబులు తయారు చేసుకుని ఉన్నాను. అడగని ప్రశ్నకు జవాబు తయారుగా పెట్టుకోవటమంత సిగ్గుచేటు ఇంకొకటి లేదని ఆ రోజు తెలిసింది. సాయంత్రానికి డబ్బు నా ఖాతాలో పడింది.

ఆదివారం అన్నా నేనూ కోఠీకి పోయాం. హైదరాబాదుకు ఫోటోలతో పాత చుట్టరికమే ఉంది. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1880లలోనే సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆయన కాలంలో కెమెరా మోయటానికి మనుషులు కావాల్సి వచ్చేది. మా కాలంలో బేరం మోయటానికి మనిషి కావాలి. అన్న లేకపోతే నా గతి ఏమయ్యేదో!

మొదటి కొట్లో ఆయన నన్ను చూడగానే పసిగట్టాడు. కెమెరా ధర తక్కువే చెప్పి, దాని చుట్టూ వస్తువులు పేర్చటం మొదలుపెట్టాడు. రంగురంగుల ఫిల్టర్ల పెట్టె, లెన్సు ముందు బిగించే ఇంకో లెన్సు, తుడుచుకునే సరంజామా, గాలి వీస్తే పడిపోయేటంత పలచని ట్రైపాడు. "ఇవన్నీ కలిపితేనే ఆ ధర తమ్ముడూ. విడిగా రాదు" అన్నాడు. పెళ్ళికూతురు మంచిదే, వెంట వచ్చే చుట్టాలతోనే చిక్కు అన్నట్టుంది. లేచి వచ్చేశాం.

మూడో కొట్లో నాకు నచ్చింది దొరికింది. కెనాన్ 700డి. 2013 నాటి మోడల్. 18 మెగాపిక్సెళ్ళు. దానితోపాటు 18 నుంచి 55 మిల్లీమీటర్ల లెన్సు. అడిగింది పద్దెనిమిది వేలు. ఇక్కడ అన్న చేసిన పరీక్షలు జూనియర్ల ఉపయోగార్థం కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది షట్టరు లెక్క. బండికి కిలోమీటర్ల లాగా కెమెరాకు నొక్కుల లెక్క. ఈ మోడల్ షట్టరు లక్ష నొక్కుల దాకా మన్నుతుందని కంపెనీ అంచనా. నికాన్ అయితే ఫోటో ఫైల్లోనే ఆ సంఖ్య దొరుకుతుంది. ఈ కెనాన్లో దొరకదు, కంప్యూటరుకు తగిలించి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరుతో చూడాలి. అన్న ల్యాప్‌టాప్ తెచ్చాడు. 22 వేల చిల్లర తేలింది. అంటే ఇంకా 78 వేలు ఆయుష్షుంది.

రెండోది లెన్సులో బూజు. వెనక మూత తీసి, ఫోను టార్చి ఒక వైపునుంచి వేసి, ఇంకో వైపునుంచి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే దండం పెట్టి వచ్చెయ్యాలి. దుమ్ము నలుసులు ఒకటీ అరా ఉంటే భయం లేదు.

మూడోది సెన్సారు మీద మరకలు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 16కో 22కో చిన్నది చేసి, తెల్లగోడను ఫోటో తీసి, పెద్దది చేసి చూడాలి. మచ్చలుంటే అక్కడ బయటపడతాయి.

నాలుగోది నమ్మకం. పెట్టె, బిల్లు, చార్జరు, శరీరం మీది నంబరు, అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. దొంగసొమ్ము ఎంత చవగ్గా వచ్చినా మనది కాదు.

బేరమాడి పదిహేను వేల అయిదు వందలకు తెగ్గొట్టాం. తరవాత సామగ్రి. ఇంకో బ్యాటరీ ఏడు వందలు. లెన్సు ముందుండే అద్దం మూడు వందలు. సంచి ఎనిమిది వందలు. ట్రైపాడు పద్నాలుగు వందలు. దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి నూట యాభై. మెమొరీ కార్డు ఆరు వందలు. మొత్తం 19,450. మిగిలిన అయిదు వందల యాభైలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు, బస్సు చార్జీలు పోను మిగిలింది మెస్సు బిల్లులో కలిసింది.

ఉగాదికి ఇంటికి వెళ్ళాను. కెమెరా వెంట తీసుకెళ్ళాను. "స్నేహితుడిది" అని చెప్పాను. ఒక అబద్ధం ఒంటరిగా బతకలేదు, దానికి తోడు కావాలి.

కల్లంలో మిర్చి ఎండబోసి ఉంది. నాయనమ్మ గోనెపట్టా మీద కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. ఎర్రటి కాయల మధ్య తెల్లటి తల, పక్కనుంచి సాయంత్రపు ఎండ. నా బతుకులో అంత మంచి వెలుగు మళ్ళీ చూడలేదు. నలభై ఫోటోలు తీశాను. ఆమె నవ్వింది కూడా. మా నాయనమ్మ ఫోటో అంటే ఆధార్ కార్డు మీదిదే. అందులో ఆమె ఎవరిమీదో ఫిర్యాదు చెయ్యటానికి వచ్చినట్టుంటుంది.

రాత్రి చూసుకుంటే ఆ నలభైలో ఒక్కటీ లేదు. కొన్నింటికి సగం బొమ్మ, మిగతా సగం బూడిదరంగు. కొన్ని అసలు తెరుచుకోనేలేదు. కార్డు మీద 64 జి.బి. అని ఉంది. లోపల ఉన్నది ఎనిమిదే. మూల మీది చిన్న కొట్లో, పేరున్న కంపెనీ ముద్ర చూసి తీసుకున్నాను. ముద్ర అచ్చం అసలుదానిలాగే ఉంది. నకిలీ కార్డు చేసే మోసమేమిటంటే, అది నిండిపోయానని చెప్పదు. తీసుకుంటున్నట్టే తీసుకుని ఎక్కడా పెట్టదు. నేను తీసిన రా ఫైళ్ళు ఒక్కొక్కటి పాతిక ఎం.బి. అలాటివి ఎనిమిది జి.బి.లో మూడు వందలు పడతాయి. హాస్టలు మెట్లమీద పావురాలు, మిత్రుల వెక్కిరింపు ముఖాలు, గోల్కొండలో వంకరగా వచ్చిన గోడలు, ఆ మూడు వందలూ భద్రంగా ఉన్నాయి. నాయనమ్మ మాత్రం పోయింది.

పొద్దున్నే మళ్ళీ తీస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "నిన్న తీసినవు గదరా. తీసినకొద్దీ ఆయుష్షు తగ్గుద్దంట" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు షట్టరు ఆయుష్షు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదు గనక ఊరుకున్నాను. కార్డు కొనగానే కంప్యూటరులో దాన్ని నిండా నింపి, తిరిగి తీసి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడాలని తరవాత నేర్చుకున్నాను. ఆరు వందల పాఠం. నిజానికి దాని ధర అంతకన్నా చాలా ఎక్కువ.

ఆ రోజే ఇంకోటి జరిగింది. క్యాలెండరు వెనక దోపిన కాగితాల్లో ఏదో వెతుకుతుంటే మార్కెట్ తక్‌పట్టీ కనిపించింది. తేజ రకం, క్వింటాలు పదమూడు వేలు. తేదీ చూస్తే నాకు డబ్బు పంపిన రోజే. సైన్సు విద్యార్థికి లెక్క వెయ్యకుండా ఉండటం చేతకాదు. ఇరవై వేలంటే క్వింటాలున్నర పైచిలుకు మిర్చి. ఎండిన తేజ కాయ ఒకటి గ్రాము తూగదు. అంటే లక్షన్నరకు మించిన కాయలు. ప్రతి కాయా ఎవరో ఒంగి, చేత్తో తెంపినదే. అందులో అమ్మ తెంపినవెన్నో, నాయనమ్మ ఏరినవెన్నో. కెమెరాకు మిగిలిన ఆయుష్షు 78 వేల నొక్కులు. నొక్కుకు దాదాపు రెండు కాయలు. ఆ రోజునుంచి మీట మీద వేలు పెడితే ముందు ఆ రెండు కాయలు కనబడేవి. పావురాల ఫోటోలు మానేశాను.

ఇక పురుగు సంగతి. చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్సు కొత్తదయితే నా కెమెరా కంటే ఖరీదు. దానికి పేదవాడి ఉపాయం ఒకటుంది. ఉన్న లెన్సునే తిరగేసి బిగించటం. మామూలుగా లెన్సు పెద్ద లోకాన్ని చిన్న సెన్సారు మీదికి దించుతుంది. దాన్ని తిప్పితే చిన్న లోకాన్ని పెద్దది చేస్తుంది. అందుకు ఒక రింగు కావాలి. ఒకవైపు కెమెరాకు, రెండోవైపు లెన్సు ముందరి 58 మిల్లీమీటర్ల మరకు పడుతుంది. మెస్సులో రెండు నెలలు గుడ్డు మానేసి మూడు వందల యాభై పెట్టి కొన్నాను.

ఇందులో ఒక చిక్కుంది. ఈ రకం లెన్సుల్లో రంధ్రాన్ని కెమెరాయే కరెంటుతో తెరిచి మూస్తుంది. తిరగేస్తే ఆ సంబంధం తెగిపోయి రంధ్రం పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు పురుగు కన్ను స్పష్టంగా వస్తే కాలు రాదు. దీనికో చిట్కా. ముందు లెన్సు మామూలుగా పెట్టి, ఎఫ్ 11 అని చెప్పి, లోతు చూసే బొత్తాన్ని నొక్కిపట్టి, కెమెరా ఆన్‌లో ఉండగానే లెన్సు ఊడదీయాలి. రంధ్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది.

ఎంత పెద్దదవుతోందో తెలుసుకోవటానికి స్కేలును ఫోటో తీశాను. ఫోటో నిండా ఎనిమిది మిల్లీమీటర్లు పట్టాయి. సెన్సారు వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. అంటే సుమారు 2.8 రెట్లు. అడ్డంగా 5,184 చుక్కలు గనక మిల్లీమీటరుకు 648 చుక్కలు. ఒక్క మిల్లీమీటరు పురుగుకు 648 చుక్కలు చాలవూ! శాసన్ గారి మొదటి కెమెరాలో బొమ్మ మొత్తం వెడల్పే నూరు చుక్కలు.

2025 నవంబరులో ఇంటికి పోయాను. ధర దెబ్బకు నాన్న ఆ ఏడు మిరప ఎకరంన్నరకే తగ్గించాడు. పూత మొదలయింది. నాన్న పువ్వు తెంపి అరచేతిలో దులిపి చూస్తున్నాడు. ఆ చూపు నాకు 2021 నుంచి తెలుసు.

"మళ్ళ వచ్చిందా నాన్నా?"

"ఏమో. నల్లగనే కనబడుతున్నయి. షాపాయన మూడు మందులు కలిపి కొట్టమన్నడు. ఎకరానికి నాలుగు వేలయితదంట."

అయిదు పువ్వులు తెంపి గాజుసీసాలో వేసి ఇంటికి తెచ్చాను. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే పురుగులు మందకొడిగా తయారవుతాయి. తెల్లకాగితం మీద దులిపాను. కెమెరాకున్న ఫ్లాషు వెలుగు మరీ కరుకుగా పడకుండా దాని ముందు పాలప్యాకెట్టు ముక్క అంటించాను. మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒళ్ళు వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుతూ నొక్కాలి. ఇక్కడ ట్రైపాడు పనికిరాదు. ఆ పద్నాలుగు వందలు ఆదా చేసి ఉండొచ్చు. ఎనభై ఫోటోలు తీస్తే రెండు కుదిరాయి.

వచ్చింది ముఖం. తల, మెడ గోధుమ వన్నె. పొట్ట నలుపు. రెక్కలు మొదట్లో లేత, తరవాత ముదురు, అంచులకు కుచ్చుల్లాగా వెంట్రుకలు. పుస్తకంలో చదివిన లక్షణాలు ఒక్కొక్కటిగా సరిపోయాయి. అదే.

నాన్నను పిలిచి కెమెరా వెనక తెర చూపించాను. ఆయన వేలితో ఫోనులో లాగానే బొమ్మను పెద్దది చేశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేనా?" అన్నాడు. "ఇంతనా ఇది? రెండెకరాలు పీకిపిచ్చింది ఇదేనా?"

నేను తల ఊపాను. ఆయన ఇంకాసేపు చూసి, "మంచిగ తీసినవు. ఈ కెమెరా ఎవరిదిరా?" అన్నాడు.

ఆ ప్రశ్నలో అనుమానం లేదు. అది అభినందనలో భాగం. స్నేహితుడిదని ఇంకోసారి అంటే అయిపోయేది. కాని తెర మీద ఆ పురుగు, తెర మీద ఆయన వేలు, ఆ వేలి చివర మిర్చి మరక. నోరు పెగల్లేదు. ఆఖరికి చెప్పేశాను. ప్రాజెక్టు లేదు, కాలేజీవాళ్ళు కొనమనలేదు, ఇరవై వేలూ దీనికే పోయాయి.

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కెమెరా జాగ్రత్తగా బల్ల మీద పెట్టి చేనుకు పోయాడు. రెండు రోజులు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున మోటారు దగ్గర నీళ్ళు పెడుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "కెమెరా అని అడిగితే లేదనేటోణ్ణేమో. ఆ ఏడు ధర అట్ల ఉండె. కాని లేదనే మాట నేను అనాలె గదరా. అది గూడ నువ్వే అనుకుని, నువ్వే అబద్ధమాడితివి."

ఈ మాటకు జవాబు నా దగ్గర అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. నేను నాన్న దగ్గర తీసుకున్నది డబ్బే అనుకున్నాను. లేదనే హక్కు కూడా తీసేసుకున్నానని నాకు తట్టలేదు.

ఫోటోలు మా జువాలజీ మేడమ్ గారికి, కృషి విజ్ఞాన కేంద్రానికి పంపాం. అదే పురుగని ఇద్దరూ చెప్పారు. మందులమీద మందులు కలిపి గుడ్డిగా కొడితే దాన్ని తినే మిత్రపురుగులు ముందు చచ్చి, ఇది ఇంకా పెరుగుతుందని, పువ్వులో దాగి ఉంటుంది గనక మందు అందదని చెప్పారు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేపనూనె కొట్టమన్నారు, అది మట్టిలో కోశస్థ దశ గడుపుతుంది గనక మొక్కల కింద నేల కదిలించమన్నారు. నాన్న ఆ మూడు మందుల కలగలుపు మానేశాడు. అట్టలు కట్టాడు. తోట బతికిందా అంటే, కొంత పోయింది, ఎక్కువ నిలిచింది. అది నా ఫోటో మహిమ అని నేనను. ఆ ఏడు పురుగు ఉధృతి కూడా మా వైపు తక్కువే. కాని నాన్న తన శత్రువు ఎవరో చూసి యుద్ధం చేశాడు. అంతమటుకు నాకు తృప్తి.

కెమెరా కొనాలనుకునే జూనియర్లకు ఆఖరుగా రెండు మాటలు. సామగ్రి అంతా ఒకేసారి కొనకండి. మంచి కార్డు ఒకటి, ఇంకో బ్యాటరీ ఒకటి చాలు, తక్కినవి అవసరం నేర్పినప్పుడు కొనండి. వానాకాలంలో కెమెరాను సంచిలో ఉంచకండి. చెమ్మకు లెన్సులో బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. మా నాయనమ్మ విత్తనాలు బూడిద కలిపి కుండలో దాచేది కూడా ఈ సూత్రం మీదనే. ఇహ మూడో మాట మీకే అర్థమై ఉంటుంది. ఇంట్లో అడగండి. లేదంటే లేదనిపించుకోండి.

నేనిప్పుడు అన్న వెంట పెళ్ళిళ్ళకు లైటు పట్టటానికి పోతున్నాను. రాత్రికి ఏడు వందలు. నాన్నకు ఇప్పటికి తొమ్మిది వేలు తిరిగి ఇచ్చాను. వద్దనలేదు. తీసుకుని లెక్కపెట్టుకున్నాడు. వద్దని ఉంటే నాకు కష్టంగా ఉండేది.

సంక్రాంతికి పోయినప్పుడు నాయనమ్మ తనే పిలిచింది. పురుగు ఫోటో ఊరంతా చూశారట, ఆమె కూడా చూసిందట. "పురుగుకే అంత మంచిగ తీసినవు. నన్ను తియ్యవారా?" అంది.

వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టాను. కార్డు అసలుది. బ్యాటరీ నిండుగా ఉంది. వెలుగు ఉగాదినాటంత బాగా లేదు. అయినా తీశాను. నాలుగంటే నాలుగే తీశాను. ఎనిమిది కాయలు.

నాన్న బాకీ ఇంకా పదకొండు వేలుంది.